రాత్రి బస్సుకి ముందు... బీదర్‌లో ఓ పగలు!

పూనా బస్సు రాత్రి పదిన్నరకి. జహీరాబాదు బైపాసు మీద ఎక్కాలి. సామాను ముందురోజే సర్దేశాను. ఒక సూట్‌కేసు, ఒక సంచి, సంచిలో అవ్వ కట్టిచ్చిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి. ఇక చేసే పనేమీ లేదు. కొత్త ఉద్యోగం, కొత్త ఊరు, కొత్త భాష... గుండెల్లో మాత్రం గుబగుబ!

ఇలాంటి పగలు ఎంత నిదానంగా గడుస్తుందో, ఊరు విడిచి వెళ్ళినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. జహీరాబాదు పోయి ఓ మాట్నీ చూసేస్తే సాయంత్రం అయిపోతుందిలే అనుకున్నాను. బూట్లు వేసుకుంటుంటే అవ్వ గడపలో నిలబడింది. ఉతికిన చీర, నెత్తి నున్నగా దువ్వుకుంది, చేతిలో చిన్న సంచి.

"సిన్మా గిన్మా ఏంది బిడ్డా? యాడికన్న పోతె గద మళ్ళ ఎప్పుడొస్తవో. నన్ను బీదరు తోల్కపో."

అవ్వకి ఎనభై మూడేళ్ళు. బీదర్‌లో ఏం పని అంటే చెప్పదు. సరే, మాట్నీ కేన్సిల్!

మా ఊరి పేరు మొగుడంపల్లి. నవ్వకండి! పెళ్ళిచూపులకి ఎక్కడికి వెళ్ళినా ఈ పేరు మీద ఒక జోకు పడందే చాయ్ చల్లారదు. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు మండలం అయింది. జిల్లా సంగారెడ్డి. అంతకుముందు మెదక్. మరి దానికి ముందు? అదిగో, అసలు కథ అక్కడే ఉంది. 1956 నవంబరు 1 దాకా మా జహీరాబాదు తాలూకా బీదర్ జిల్లాలోది! కోర్టు, కచేరీ, కలెక్టరు అన్నీ బీదర్‌లోనే. ఆ రోజున భాషల్ని బట్టి రాష్ట్రాల్ని కొత్తగా గీశారు. బీదర్ మైసూరు రాష్ట్రానికి పోయింది. జహీరాబాదు తాలూకా ఆంధ్రప్రదేశ్‌కి వచ్చింది. కాని మొత్తం రాలేదు. నిర్నా సర్కిలు ఒక్కటీ అటే ఉండిపోయింది.

మా అవ్వ పుట్టిల్లు నిర్నా దగ్గరి పల్లె.

పదమూడో ఏట పెళ్ళయి మొగుడంపల్లికి వచ్చింది. ఏడాది తిరిగేసరికి అమ్మగారిల్లు ఒక రాష్ట్రం, అత్తగారిల్లు ఒక రాష్ట్రం! అంటే కంచె వేశారని కాదు. ఎడ్లబండి కట్టుకుని ఎప్పుడు కావాలంటే అప్పుడు పోవచ్చు. కాని సర్కారు పనులన్నీ సంగారెడ్డి వైపు తిరిగిపోయాయి. బీదర్‌కి పోయే అవసరమే తప్పిపోయింది. అవ్వ తమ్ముడు కన్నడంలో ఉత్తరాలు రాసేవాడట. తాతకి వచ్చింది నిజాం కాలపు ఉర్దూ చదువు. పిల్లలకి వచ్చింది తెలుగు. ఉత్తరాలు వచ్చేవి... చదివే దిక్కు లేక చూరులో ఉండేవి.

యుగోస్లావియా అనే దేశం ముక్కలైనప్పుడు, ఉన్న ఇంట్లో ఉన్నట్టే ఉండి దేశం మారిపోయినవాళ్ళ సంగతి చదివి ఆశ్చర్యపోయాను. మా అవ్వ మాత్రం తక్కువ తిన్నదా? నిజాం రాజ్యంలో పుట్టింది. 1948 తర్వాత హైదరాబాదు రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో తెలంగాణ. బీదర్ జిల్లా, మెదక్ జిల్లా, సంగారెడ్డి జిల్లా. మెట్టినిల్లు కదల్లేదు, అవ్వ కదల్లేదు. బోర్డులే మారాయి!

*

జహీరాబాదులో బీదర్ బస్సెక్కాం. మన ఆర్టీసీదే. దూరం ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. కండక్టరు అవ్వ ఆధార్ కార్డు చూసి సున్నా టిక్కెట్టు కొట్టాడు, సరిహద్దు దాకా. అక్కణ్ణుంచి బీదర్‌కి పైసలు కట్టాలి. తెలంగాణలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం 2023 డిసెంబరులో వచ్చింది. కర్ణాటకలో అదే ఏడు జూనులో. ఇక్కడి కార్డు అక్కడ చెల్లదు, అక్కడి కార్డు ఇక్కడ చెల్లదు.

అవ్వ ఊరుకుంటుందా? "ఆడ పుట్టిన, ఈడ మెట్టిన. నాకు రెండు దిక్కుల ఫ్రీ ఉండాలె గద సారూ!" అంది. బస్సంతా నవ్వులు. కండక్టరు కూడా నవ్వాడు. నవ్వుతూనే టిక్కెట్టు డబ్బులు తీసుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

కిటికీలోంచి చెరకు తోటలు, కందిచేలు, ఎర్రమట్టి. మా జహీరాబాదు వైపు మన సినిమావాళ్ళు చెప్పుకోవలసిన విశేషం ఒకటుంది. పస్తాపూర్‌లోని దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో, బడి ముఖం చూడని దళిత మహిళలు వీడియో కెమెరాలు పట్టారు! జొన్నచేల మీద, విత్తనాల మీద, వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాల మీద వాళ్ళే సినిమాలు తీశారు. 2008 అక్టోబరులో మాచునూర్ నుంచి వాళ్ళ సంఘం రేడియో కూడా మొదలైంది. ఆ అక్కలు కెమెరా భాషకి సొంత పేర్లు పెట్టుకున్నారు. మనిషి కంటికి సమానంగా కెమెరా పెట్టి తీస్తే అది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ చాప మీద సమానంగా కూర్చుంటారు కదా, అందుకని! ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ పుస్తకంలో ఉంది చెప్పండి ఇంత మంచి మాట?

ఈ షాటు సంగతి గుర్తుపెట్టుకోండి. సాయంత్రం మళ్ళీ వస్తుంది.

*

బీదర్‌లో దిగగానే ఆటో ఎక్కి కోటకి వెళ్ళాం. బోర్డులన్నీ కన్నడంలో ఉన్నా భయం వద్దు. మన అక్షరాలకీ వాటికీ అక్కచెల్లెళ్ళ పోలిక. తలకట్టు కాస్త పక్కకి దువ్వుకున్నట్టుంటుంది, అంతే! కూడబలుక్కుంటే సగం చదివేయొచ్చు.

బహమనీ సుల్తాను అహ్మద్ షా తన రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. ఈ కోటని 1430 ప్రాంతంలో కట్టించాడు. ఎర్రరాతి గుట్ట అంచున కోట. చుట్టూ కందకం. ఒకవైపు ఆ కందకం మూడు వరసలు! మట్టి తవ్విన కందకం కాదు, రాతిని తొలిచింది. మధ్యలో రాతి గోడలు అలాగే వదిలేశారు. జానపద బ్రహ్మ విఠలాచార్యగారు చూసి ఉంటే సెట్టింగు ఖర్చు మిగిలేది. ఈ బురుజు మీద కాంతారావు, ఆ బురుజు మీద రాజనాల, మధ్యలో కత్తియుద్ధం!

సినిమాలు ఇక్కడికి రాకపోలేదు. 'గరం హవా' తీసిన ఎం.ఎస్. సత్యు, అనంత్ నాగ్‌తో 'బర' అనే కన్నడ చిత్రాన్ని 1980ల మొదట్లో ఈ బీదర్ ప్రాంతంలోనే తీశాడు. కరువు జిల్లా కలెక్టరు కథ. 2011లో 'ది డర్టీ పిక్చర్' వచ్చింది కదా, మన సిల్క్ స్మిత జీవితపు ఛాయలున్న సినిమా. అందులో 'ఇష్క్ సూఫియానా' పాటకి కూడా బీదర్ కట్టడాలే వెనకతెర.

అవ్వతో వచ్చాను కాబట్టి తొందర లేదు. నాలుగడుగులు నడిస్తే ఒక అరుగు, అరుగు మీద పది నిమిషాలు కూర్చోవడం. నిజం చెప్పొద్దూ, పాత కోటని చూడాల్సింది ఇలాగే! ఒంటరిగా వచ్చుంటే గంటలో చుట్టేసి, ఫోనులో నలభై ఫోటోలు నింపుకుని వెళ్ళిపోయేవాణ్ణి. సోలా ఖంబా మసీదు నీడలో కూర్చుని గాలి పీల్చాం. పదహారు స్తంభాల మసీదన్నమాట. రంగీన్ మహల్ తలుపుకి తాళం ఉంది. కాపలా ఆయన్ని అడిగితే తీశాడు. లోపల నల్లరాతిలో ముత్యపుచిప్ప ముక్కలు పొదిగిన పని చూసి నేను నోరెళ్ళబెట్టాను. అవ్వ మాత్రం చెక్కిన కొయ్య స్తంభాల్ని చేత్తో తడిమింది.

"గీ కట్టె ఇంక పుచ్చలే సూడు. మన ఇంటి దూలం పుచ్చవట్టె" అంది.

*

కోట నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలోనే మహమూద్ గవాన్ మదరసా. 1472లో కట్టింది. మూడంతస్తులు, ముందువైపు ఒకే ఒక్క మీనారు. ఒకప్పుడు రెండో వైపూ ఉండేది. 1696లో మందుగుండు పేలి సగం కూలిపోయింది. మిగిలిన మీనారు మీద అక్కడక్కడా నీలం, ఆకుపచ్చ పలకలు ఇంకా మెరుస్తున్నాయి. ఒకప్పుడు లోపల మూడువేల గ్రంథాలుండేవని చెబుతారు.

గవాన్ కథ అవ్వకి చెప్పాను. ఇరాన్ నుంచి వచ్చిన వ్యాపారి. ఇక్కడ ప్రధానమంత్రి అయ్యాడు. గిట్టనివాళ్ళు అతని ముద్ర ఉండే మనిషికి లంచమిచ్చి ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకున్నారు. తర్వాత ఆ కాగితం మీద, ఒరిస్సా రాజుని దండెత్తి రమ్మని పిలుస్తున్నట్టు ఉత్తరం రాశారు. సుల్తాను తాగిన మత్తులో ఉన్నప్పుడు చూపించారు. ముద్ర తనదేనని, ఉత్తరం మాత్రం తనది కాదని ముసలి మంత్రి చెప్పాడు. ఎవరు వింటారు? 1481లో అక్కడికక్కడే తల తీయించారు. తర్వాత నిజం తెలిసింది. సుల్తాను కుమిలిపోయాడు. ఏడాదికే అతనూ పోయాడు. సినిమా కథ కాదూ?

అవ్వ అంతా విని నిట్టూర్చింది. "ఉత్త కాయితం మీద ముద్ర ఏస్తె గంతే బిడ్డా. మీ తాత గూడ గట్లనే ఏలుముద్ర ఏసి రెండెకరాలు పోగొట్టిండు. గా కేసుకే బీదరు తిరిగెటోడు."

ఎక్కడి గవాన్, ఎక్కడి మా తాత!

*

మధ్యాహ్నం నానక్ ఝీరా గురుద్వారాకి వెళ్ళాం. గురునానక్ ఇక్కడికి వచ్చినప్పుడు ఈ ఊట పుట్టిందని నమ్మకం. 1699లో గురు గోవింద్ సింగ్ ముందు తల ఇవ్వడానికి నిలబడ్డ అయిదుగురిలో భాయీ సాహిబ్ సింగ్ ఈ బీదర్‌వాడే, మంగలి కులంలో పుట్టినవాడు. నెత్తిన గుడ్డ కట్టుకుని లంగరులో వరసగా కూర్చున్నాం. రొట్టె, పప్పు, కూర. కులం అడగరు, మతం అడగరు, రాష్ట్రం అసలే అడగరు! ఆధార్ కార్డు పని లేదు.

రెండో రొట్టె దగ్గర అవ్వ నోరు విప్పింది.

"మీ తాతది నాది ఒక్క ఫొటువ ఉండె బిడ్డా. గీ బీదర్లనే దిగినం. చౌబారా కాడ టుడియో. పెండ్లయినంక నన్ను అమ్మగారింటి కాడికెళ్ళి తోల్కపోవనీకె వచ్చిండు. పేషీ ఉంటె బీదరు దిక్కుకెళ్ళి వచ్చినం. వెనక పర్ద ఉండె. పర్ద మీద మీనారు బొమ్మ. నవ్వొద్దని చెప్పిండు టుడియో ఆయన. నేను నవ్వలే. మీ తాతకే నవ్వు ఆగలే."

ఆ ఫోటో నేనెప్పుడూ చూడలేదు. నేను పుట్టకముందే ఒక వానాకాలం ఇల్లు కురిసి, చూరులో ఉన్న ఉత్తరాలతో పాటు ముద్దయిపోయిందట. తాత తర్వాత ఇంకో ఫోటో దిగనే లేదు. ముప్పై ఏళ్ళ కిందట పోయాడు. మా ఇంట్లో ఆయన ముఖం గుర్తున్న మనుషులున్నారు. బొమ్మ మాత్రం లేదు.

"టుడియోల అద్దం బిళ్ళ దాస్తరంట గద. అడుగుదామని."

రొట్టె గొంతు దిగలేదు. మాట్నీకి పోదామనుకున్నవాణ్ణి!

*

చౌబారా అంటే పాత ఊరి నడిబొడ్డున గుండ్రటి కావలి బురుజు. డెబ్భై అడుగుల పైన ఎత్తు. నాలుగు దారులు అక్కడ కలుస్తాయి. చుట్టూ అంగళ్ళు. ఫోను రిపేరు షాపులు, చీరల కొట్లు, పండ్ల బండ్లు. అవ్వ బురుజుకి ఎదురుగా నిలబడి, చెయ్యి చాపి లెక్కపెట్టింది. "గిదా? కాదు. గది... గా మూలకు."

ఆ మూలన ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్ముతున్నారు. కుర్రాడికి ఏమీ తెలియదు. పక్క కొట్టు పెద్దాయన ఉర్దూలో అన్నాడు: సిద్దీఖ్ తాలీమ్ వీధిలో అడగండి, అక్కడి పాతవాళ్ళకి తెలిసుండొచ్చు.

సిద్దీఖ్ తాలీమ్ బిద్రీ పనివాళ్ళ వీధి. మన సినిమాల్లో నవాబుల ఇంటి సీనులో హుక్కా, పాన్‌దాన్ కనిపిస్తాయే, నల్లటి లోహం మీద వెండి తీగ లతలు... ఆ పని పుట్టిల్లు ఇదే. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. ఉలితో నగిషీ చెక్కి, ఆ గాట్లలో వెండి తీగ కూర్చి సుత్తితో కొడతారు. చివర్న అసలు మాయ! కోట లోపల ఎండా వానా తగలని చోటి మట్టి తెచ్చి, నవాసారం కలిపిన నీళ్ళలో మరిగించి దాంట్లో ముంచుతారు. లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం అలాగే ఉంటుంది. మట్టి మంచిదో కాదో నాలిక మీద వేసుకుని చూసి చెబుతారు పనివాళ్ళు. 2006లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో ఇక్కడి కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది.

ఒక చిన్న కార్ఖానాలో సుత్తి చప్పుడు ఆపి ఓ ముసలాయన మా మాట విన్నాడు. అవ్వ కన్నడంలో చెప్పింది. నేను పుట్టి బుద్ధెరిగాక అవ్వ అంత సేపు కన్నడం మాట్లాడగా వినలేదు! గొంతే మారిపోయింది. పదమూడేళ్ళ పిల్ల మాట్లాడినట్టుంది. ఆయన తల ఊపి, నాకోసం హిందీలో చెప్పాడు. స్టూడియో ఉండేది నిజమే. ఆయన చిన్నప్పుడే మూతపడింది. వాళ్ళు ఊరొదిలి పోయారు. అద్దం పలకలు అప్పుడే పాత సామాను కింద అమ్మేశారు.

అవ్వ ఏమీ అనలేదు. ఆయన చేతిలోని నల్లటి భరిణె అందుకుని తిప్పి చూసింది. తిరిగి ఇచ్చేసింది. "పోదాం పా" అంది.

*

మళ్ళీ మదరసా ముందుకి వచ్చేసరికి అయిదయింది. ఎండ ఎర్రబడి మీనారు మీద పడుతోంది.

"అవ్వా, ఆడ నిలవడు. ఫొటో తీస్త."

"నా ఒక్కదానిది ఎందుకురా?"

"వెనక సూడు. పర్ద కాదు, అసలు మీనారే!"

అవ్వ వెనక్కి తిరిగి చూసింది. ఏమనుకుందో, కొంగు సర్దుకుని నిలబడింది. నడుం వంగిన మనిషి కదా, నేను నిలబడి తీస్తే నెత్తి తప్ప ముఖం రావడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది సంఘం షాట్! నేల మీద మోకాళ్ళేసి, ఫోను సరిగ్గా అవ్వ కంటికి సమానంగా పెట్టాను. అవ్వ నవ్వలేదు. అప్పటి స్టూడియో ఆయన మాట ఇంకా చెల్లుతోంది!

పక్కనే ఉన్న కాలేజీ కుర్రాడొకడు "ఇద్దర్నీ తీస్తా, నిలబడండన్నా" అని ఫోను తీసుకున్నాడు. నేను పక్కన నిలబడ్డాను. క్లిక్కుమంది. తెర మీద చూస్తే, అవ్వ ముఖం రాయిలా ఉంది. నాకే నవ్వు ఆగలేదు.

అవ్వ ఆ తెర వంక చాలాసేపు చూసింది. "మీ తాత గిట్లనే నిలవడ్డడు" అంది. తర్వాత అసలు ప్రశ్న: "ఎప్పుడు కడిగిస్తవ్? బస్సెక్కే లోపల నా చేతికి రావాలె. నువ్వు పోయినంక ఫోన్ల ఎవరు సూపిస్తరు నాకు?"

అహ్మద్ షా సమాధి లోపలి రంగుల చిత్రాలు చూడాలంటే మూడు కిలోమీటర్ల దూరంలో అష్టూరు పోవాలి. అక్కడి ఉర్సుకి హిందువులూ ముస్లింలూ కలిసి వస్తారు. గుహలో నీళ్ళలో నడిచి దర్శనం చేసుకునే ఝర్నీ నరసింహస్వామి గుడీ ఉంది. మీకు ఒక పగలు పూర్తిగా ఉంటే అవి వదలకండి. మాకు మాత్రం ఇక ఒకటే పని!

జహీరాబాదులో దిగేసరికి ఏడున్నర. ఫోటోల షాపు వెతికి, రెండు కాపీలు వేయమన్నాను. "పది నిమిషాలే" అన్నాడు. మిషను పెట్టాడు. సరిగ్గా అప్పుడు... టప్! కరెంటు పోయింది. ఎనిమిదయింది. ఎనిమిదిన్నరయింది. అవ్వ స్టూలు మీంచి కదల్లేదు. తొమ్మిదికి మా చిన్నాయన నా సామానుతో ఆటోలో దిగాడు. "ఇంక నడువుండ్రి, అమ్మా పొద్దువోయింది" అంటే వినదు. తొమ్మిదింబావుకి ట్యూబులైటు మిణుక్కుమంది. షాపులో ఉన్న అయిదుగురం ఒక్కసారి చప్పట్లు కొట్టాం! కొత్త సినిమాలో హీరో ఎంట్రీకి కూడా అంత గట్టిగా కొట్టలేదు నేను.

ఒక కాపీ అవ్వ సంచిలోకి వెళ్ళింది, కొత్త తువ్వాలులో చుట్టి. ఒకటి నా సూట్‌కేసులోకి. బైపాసు మీద బస్సు లైట్లు కనిపించాక అవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఉత్తరం రాయి" అంది. అని తనే నవ్వింది. ఆ రోజంతా మొదటిసారి. "తెలుగులనే రాయి."

బస్సు కదిలింది. కాసేపటికి చిరాగ్‌పల్లి వచ్చింది. మా మండలంలోదే ఆ ఊరు. అది దాటితే కర్ణాటక. అద్దానికి ముఖం ఆనించి గీత కోసం చూశాను. కనిపించలేదు. చెరకు తోటలు ఇటూ ఉన్నాయి, అటూ ఉన్నాయి.